అంపారో అని పిలిస్తే

నా పేరు ఫీనా. వలెన్సియాలో సముద్రం ఒడ్డున ఉన్న మా కబన్యాల్ పేటలో నా ఈడు ఆడదానికి అంపారో అనే పేరు లేకపోవడం ఒక రకం అవిటితనం. మా అమ్మ ఆ పేరు మా అక్కకు పెట్టేసింది, నా వంతుకు మిగల్లేదు. బడిలో పంతులమ్మ "అంపారో" అని పిలిస్తే సగం గది లేచి నిలబడేది. కూర్చున్నవాళ్లం ఒకళ్ల మొహాలొకళ్లం చూసుకునేవాళ్లం. అందుకే ప్రతి అంపారోకూ ఏదో ఒక ఎగతాళిపేరు తగిలించేవారు: పొట్టిది, రొట్టెలవాళ్లది, మెల్లకన్నుది. నేను చెప్పబోయేది ఉప్పుచేపల అంపారో సంగతి. పుట్టినప్పటి నుంచీ మా పక్కింటి మనిషి. ఆమె పేరు ఆమెది కాదని మా వీధి అంతటికీ తెలుసు.

ఆ పేరు మా ఊరి తల్లిది. వలెన్సియాను కాచే మేరీమాతను మేము దిక్కులేనివాళ్ల తల్లి అంటాం. కొన్ని వందల ఏళ్ల కిందట, వీధుల్లో తిరిగే పిచ్చివాళ్లను, గుమ్మాల్లో వదిలేసిన పసివాళ్లను, ఎవరూ వచ్చి అడగని శవాలను చూసుకోవడానికి కొందరు కూడి ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం వాళ్లు కొలిచిన తల్లి ఆమె. విగ్రహానికి మెడ వంగి ఉంటుంది, అందుకని ముద్దుగా గూనితల్లి అని కూడా అంటాం. పెద్దవాళ్లు చెప్పేదేమిటంటే, ఆ విగ్రహాన్ని నిలబెట్టడానికి చెయ్యలేదట. దిక్కులేని శవాన్ని మోసుకెళ్లేటప్పుడు శవపేటిక మీద పడుకోబెట్టడానికి చేశారట. తల కింద దిండు ఉండేదట. దిండు తీసి నిలబెట్టేసరికి తల ముందుకు వాలి, కింద జనంలో ఎవరినో వెతుకుతున్నట్టు ఉంటుంది. దిక్కులేనివాళ్లకు ఆమె దిక్కు. ఆ దిక్కు, ఆ అండ అనే మాటే అంపారో. పసిపిల్లకు ఆ పేరు పెట్టేటప్పుడు ఈ శవాల సంగతి ఎవరికీ గుర్తుండదు. గుర్తున్న ఇల్లు మా పక్కిల్లు ఒకటే.

ఆ ఇంటావిడ లియోకాదియా అత్త. మొగుడి పేరు బతిస్తె, చేపల పడవ మీద పనిచేసేవాడు. వాళ్లకు మొదట పుట్టిన పిల్ల పేరు అంపారో. నేను ఆ పిల్లను చూడలేదు, ఆ పిల్ల పోయాక పుట్టాను. కానీ ఆ సాయంత్రం ఏం జరిగిందో మా వీధిలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. రొట్టె ఇంకా రేషను కార్డు మీద ఇచ్చే రోజులు. తూర్పుగాలికి సముద్రం పొంగి ఉంది. ఒడ్డున ఎద్దులను కట్టి పడవలు పైకి లాగుతున్నారు, మగవాళ్లందరూ అక్కడే ఉన్నారు. లియోకాదియా అత్త పొయ్యి మీద సార్డీన్ చేపలు వేసి, గుమ్మంలోకి వచ్చి, "అంపారో, లోపలికి రా," అని పిలిచింది.

"వస్తున్నా," అని జవాబు వచ్చింది.

పిల్ల గొంతే. ఆమె లోపలికి వెళ్లి చేపలు తిరగేసుకుంది. జవాబిచ్చింది ఇంకో అంపారో. ఆమె కూతురు అప్పటికి ఎద్దుల వెనకాల నీళ్ల దాకా పోయింది. నాలుగేళ్ల పిల్ల. చీకటిపడే వేళకు సముద్రం తిరిగి తెచ్చి పడేసింది.

జవాబిచ్చిన అంపారో ఎవరన్నది ఎప్పటికీ తేలలేదు. వీధిలో ఉన్న అంపారోలందరినీ అడిగారు. ఒకతె చర్చిలో ఉన్నానంది, ఒకతె అమ్మమ్మ దగ్గర ఉన్నానంది. మా అక్కయితే ముసలిదై పోయేదాకా, ఎవరూ అడక్కపోయినా, "నేను కాదే ఫీనా," అంటూనే ఉండేది. ఊరంతా ఒకటే పేరు పెట్టుకుని మురిసిపోతే ఇలాగే ఉంటుంది. నాకు ఒళ్లు మండుతుంది ఆ మాట తలుచుకుంటే.

తరవాత రెండేళ్లకు మళ్లీ ఆడపిల్ల పుట్టింది, నా ఈడుదే, నేను చెప్పే ఉప్పుచేపల అంపారో. పోయిన బిడ్డ పేరు వెనక పుట్టిన బిడ్డకు పెట్టడం మా వైపు కొత్తేమీ కాదు, పేరు ఊరికే పోకూడదంటారు. బాలింత మంచం దిగకూడదు గనక లియోకాదియా అత్త ఇంట్లోనే ఉంది. బతిస్తె బిడ్డను చర్చికి ఎత్తుకుపోయి నీళ్లు చల్లించి, ఆ పేరే పెట్టించి తెచ్చి, "ఇదిగో, నీ అంపారో తిరిగొచ్చింది," అన్నాడట. ఆమె గోడవైపు తిరిగి పడుకుందట. మాకు తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు రెండూ వస్తాయి కదా, పోయిన పిల్లకూ వచ్చిన పిల్లకూ పేరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఒకటే అయింది.

నాకు బాగా జ్ఞాపకం ఉన్నది ఇది. నేనూ అంపారో వాళ్ల గుమ్మంలో కూర్చుని రొట్టె, చాక్లెట్ తింటున్నాం. లోపలి నుంచి లియోకాదియా అత్త, "అంపారో," అని పిలిచింది. ఇది చెంగున లేచి, "ఏంటమ్మా," అని పరుగెత్తింది.

"నిన్ను కాదు," అంది తల్లి.

కోపంగా అనలేదు. తప్పు తలుపు తట్టినవాళ్లకు చెప్పినట్టు మామూలుగా చెప్పింది. ఇది తిరిగొచ్చి నా పక్కన కూర్చుని మిగిలిన రొట్టె తినేసింది. అప్పటికే అలవాటైపోయిందన్నమాట. దీన్ని పిలవాల్సి వస్తే తల్లి "చిన్నదానా" అనేది, లేకపోతే "ఇలా రా" అనేది. పేరు పెట్టి పిలిచిందంటే ఆ పిలుపు వీధి చివరికి, సముద్రం దాకా వెళ్లేది. సాయంత్రం కాగానే గుమ్మం పక్కన కుర్చీ మీద ఒక పొడి తువ్వాలు మడిచి పెట్టేది. ఎవరికోసమని మేం అడగలేదు. వేసవిలో వీధంతా కుర్చీలు బయటికి లాక్కుని చల్లగాలికి కూర్చున్నా, ఆ కుర్చీ జోలికి ఎవరూ పోలేదు.

అంపారో అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాక, నవంబరులో అందరి ఆత్మల పండక్కి శవపేటికలను గూళ్లలో పెట్టి రాయి మూసే సమాధుల గోడ కడగడానికి వెళ్లారు. ఎవరి సాయం లేకుండా అది మొట్టమొదట పూర్తిగా చదివింది తన పేరే. రాతి మీద చెక్కి ఉంది. చదువొచ్చిన సంబరం అక్కడితో సరి. ఏటేటా ఆ రాయి తనే తోమేది. పెద్దయ్యాక ఒకసారి నేను కూడా వెళ్లాను. చేతికి సబ్బునురగతో తన పేరు తనే రుద్దుకుంటుంటే చూడలేక నేను పక్క వరసలోకి పోయి ఎవరివో పువ్వులు సర్దుతూ నిలబడ్డాను.

"నేను జవాబు చెప్పినప్పుడల్లా," అని ఒకసారి నాతో అంది, మాకు పదేళ్లుంటాయేమో, "నా వెనకాల ఇంకెవరో కూడా నోరు తెరిచినట్టు ఉంటుందే."

"ఎవరు?"

"అదే. కానీ అది పలకదు. నేను పలికేస్తానని చూస్తూ ఉంటుంది."

ఆ తరవాత కొన్నాళ్లు నేను వాళ్లింటికి వెళ్లాలంటే భయపడ్డాను.

మే నెల రెండో ఆదివారం గూనితల్లిని గుడి బయటికి తెస్తారు. జనం విరగబడతారు. పసిపిల్లలను తలల మీదుగా ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి అందించి, తల్లి పైవస్త్రానికి తాకించి, మళ్లీ అలాగే వెనక్కి అందిస్తారు. మా అందరినీ అలా అందించారు. నేను గుక్కపెట్టి ఏడ్చానట. లియోకాదియా అత్త మాత్రం దీన్ని ఎప్పుడూ చేతిలోంచి వదల్లేదు. బతిస్తె ఎంత బతిమాలినా, "ఆవిడకు తెలిసిన అంపారో వేరు," అనేదట. వచ్చిందాన్ని కాపాడుకోవడమో, పోయినదాని చోటు కాపాడడమో, అది ఎవరికీ అర్థం కాలేదు.

పద్నాలుగేళ్లకు బడి మాని అంపారో మార్కెట్లో ఉప్పుచేపల కొట్టులో చేరింది. తరవాత ఆ కొట్టు తనదే అయింది. ఎండు ట్యూనా, ఉప్పు కాడ్ చేప, పీపాల్లో సార్డీన్లు. నోరు మంచిది, త్రాసు మంచిది. మార్కెట్లో దాన్ని అందరూ "ఉప్పమ్మా" అనేవారు. అది హాయిగా పలికేది, ఆ పేరుకు పోటీదారు ఎవరూ లేరు గనక. పెళ్లి చేసుకున్నది వడ్రంగి పని చేసే నెలో అనే అబ్బాయిని. ఆ పెళ్లిలో ఒకటి జరిగింది, చూసినవాళ్లం కొద్దిమందిమే. పాదిరిగారు, "అంపారో, నీకిష్టమేనా?" అని అడగగానే ముందు వరసలో కూర్చున్న లియోకాదియా అత్త గబుక్కున వెనక్కి తిరిగి చర్చి తలుపు వైపు చూసింది. పెళ్లికూతురు అది చూసింది. చూసి, ఇష్టమేనంది.  తలుపు దగ్గర ఎవరూ లేరని నేను కూడా ఒకసారి చూసి నిర్ధారణ చేసుకున్నాను.

కూతురు పుట్టినప్పుడు ఆరోరా అని పెట్టింది. అత్తవారు మొహాలు మాడ్చుకున్నారు, పెద్దదానికి అమ్మమ్మ పేరో నానమ్మ పేరో పెట్టకుండా ఇదేం చోద్యమని. అది లెక్కచెయ్యలేదు. ఆరోరాను ఎన్నిసార్లు పేరు పెట్టి పిలిచేదంటే మా గోడ అవతల మాకు విసుగొచ్చేది. "ఆరోరా, పాలు. ఆరోరా, చెప్పులు. ఆరోరా, ఆరోరా." పిల్ల పలికితే ప్రతిసారీ, "ఆ, నిన్నే," అనేది.

బతిస్తె పోయాడు. నెలో పోయాడు. ఆరోరా పెళ్లి చేసుకుని ఊరి అవతలి వైపుకు వెళ్లింది. ఇంట్లో తల్లీ కూతుళ్లు మిగిలారు. లియోకాదియా అత్తకు ఎనభై అయిదు దాటాక మతిమరుపు వచ్చింది. మొగుడిని మరిచిపోయింది, అన్నం తిన్నది మరిచిపోయింది. ఆ పిలుపు ఒక్కటి మరిచిపోలేదు. పొద్దు వాలిందంటే గోడ అవతల మొదలు.

"అంపారో, లోపలికి రా. తడిసిపోతావు."

"ఇక్కడే ఉన్నానమ్మా."

"నిన్ను కాదు."

రోజూ వినీ వినీ నా తల ప్రాణం తోకకొచ్చింది. ఒకరోజు మార్కెట్ నుంచి తిరిగొస్తూ కడిగేశాను. "ఒక్కసారి 'ఆ, నేనే వచ్చాను' అంటే నీ సొమ్మేం పోతుందే? ముసలిది నెమ్మదిస్తుంది. నేనూ నెమ్మదిస్తాను."

"అనను."

"ఎందుకనవు? నటించమన్నాను, చచ్చిపొమ్మనలేదు."

"రెండూ ఒకటే నాకు," అంది. సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "నేను బతికున్నాను ఫీనా. అరవై దాటాయి నాకు. ఆవిడకు స్నానం చేయిస్తాను, తినిపిస్తాను, తల దువ్వుతాను. పోయేలోగా ఒక్కసారి నన్ను అంపారో అనాలి. నన్నే. ఇంకేం అక్కర్లేదు. నేనే వెళ్లి ఆ పోయినదాన్ని నేనేనంటే, ఇంక నన్నెందుకు పిలుస్తుంది?"

నేను దాని చేతిలోంచి సంచీ అందుకుని గుమ్మం దాకా మోశాను. 

ఆ చలికాలంలోనే ఆరోరా కడుపుతో ఉంది. ఒక ఆదివారం భోజనానికి వచ్చింది, నన్ను కూడా పిలిచారు. అన్నం పళ్లెం మధ్యలో పెట్టుకుని అందరం తింటున్నాం. లియోకాదియా అత్త కిటికీ దగ్గర కుర్చీలో ఉంది.

"ఆడపిల్లట," అంది ఆరోరా. "పేరు అంపారో అనుకుంటున్నాం."

అంపారో చెంచా కింద పెట్టింది. "వద్దు."

"ఎందుకమ్మా? ఇప్పుడు ఆ పేరు ఎవరూ పెట్టడం లేదు తెలుసా. పిల్లల బడిలో ఒక్కతె లేదు. అందరూ లుసియాలు, మార్తీనాలే. పిన్నీ, నువ్వు చెప్పు. మీ కాలంలో వీధికి పదిమంది, ఇప్పుడు పేటకు ఒక్కతె కూడా లేదు. మళ్లీ ఎవరో ఒకరు మొదలుపెట్టాలిగా."

"నువ్వే మొదలుపెట్టాలా ఏమిటే, ఊళ్లో అమ్మాయిలెంతమంది లేరు, వాళ్లెవరైనా మొదలుపెడతారు," అన్నాను నేను, మధ్యలో పడి.

"నీ పేరేగా పెడతానంటున్నాను," అంది ఆరోరా తల్లితో.  "అంత పాపమా?"

"ఆ పేరు ఖాళీగా లేదు," అంది అంపారో.

అప్పుడు చూశాం. కిటికీ దగ్గర ముసలావిడ వీధి తలుపు వైపు మెడ తిప్పి కూర్చుని ఉంది. ఇన్నిసార్లు ఆ పేరు విన్నది కదా. ఎవరైనా తలుపు తీస్తారేమోనని చూస్తోంది. ఆరోరా పొట్ట మీద చెయ్యి వేసుకుంది. ఆ తరవాత ఎవరూ సరిగా తినలేదు.

మార్చి నెలాఖరులో లియోకాదియా అత్తకు రొమ్ము పడిశం పట్టింది. డాక్టరు వచ్చి చూసి, ఇంట్లోనే ఉంచండి అన్నాడు. ఆ రోజు మధ్యాహ్నం తూర్పుగాలి, వాన. వీధి చివర సముద్రం చప్పుడు ఇంట్లోకి వినపడుతోంది. నేను మంచానికి కాళ్ల వైపు కూర్చున్నాను. అంపారో తలవైపు కూర్చుని తల్లి చెయ్యి పట్టుకుంది. ముసలావిడ కళ్లు మూసుకునే ఉంది. ఊపిరి కోసం పాకులాడుతోంది.

"అంపారో, లోపలికి రా. తడిసిపోతావు."

అంపారో పలకలేదు. ముసలావిడ మళ్లీ పిలిచింది. అలా పిలవడానికి ఆమె పడ్డ అవస్థ చూస్తే రాయికైనా కన్నీళ్లొస్తాయి. మూడోసారి పిలవబోయి గొంతు రాక పెదాలు మాత్రం కదిపింది. అంపారో నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. ఇది నేను చెప్పగలిగేది కాదు.

"వచ్చేశానమ్మా," అంది అంపారో.

చిన్నపిల్ల గొంతేమీ పెట్టలేదు. తన గొంతే. ముసలావిడ కళ్లు తెరిచింది.

"నువ్వేనా?"

"నేనే."

"ఎంతసేపు చేశావే. చేపలు చల్లారిపోయాయి."

"ఆడుకుంటున్నా."

"ఆ రోజు పలికింది నువ్వు కాదు కదూ."

"కాదమ్మా."

"నాకు తెలుసు," అంది ముసలావిడ. "నీ గొంతు కాదని అప్పుడే తెలుసు. పొయ్యి దాకా వెళ్లకముందే. చేపలు మాడతాయని వెనక్కి రాలేదు."

 అరవై ఏళ్లుగా వీధి వీధంతా పలికిన పిల్ల ఎవరని వెతికింది. మా అక్క ఆ భయంతోనే పోయింది. అంపారో తల్లి చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"పర్లేదమ్మా. నాకు కోపం లేదు."

"దాని మీద కూడా లేదా?"

"ఎవరి మీద?"

"నీ వెనక వచ్చిందాని మీద. పిల్ల మంచిది. పిలుస్తానేమోనని చూస్తూ ఉంటుంది, నాకు తెలియదనుకుంటుంది. చిన్నప్పుడు అన్నం తింటూ తింటూ చెంచా అలాగే పట్టుకుని ఉండిపోయేది." ఊపిరి అందక ఆగింది. మేం ఆగాం. "దాన్ని కూడా ఆ పేరుతో పిలవాలని నోటిదాకా వచ్చేది. పిలిస్తే నువ్వు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతావేమోనని. ఇంట్లో ఒకతి ఉందిగా, ఇంక నేనెందుకనుకుంటావని పిలవలేదు."

"అనుకోను."

"దాని పేరు దానికిచ్చెయ్యవే. అక్కడ నీకేం పని దాంతో."

  ముసలావిడ అంపారో మొహంలోకి చూస్తూ ఎదురుచూసింది, పిల్ల దగ్గర బొమ్మ అడిగి తీసుకునేటప్పుడు చూసినట్టు.

"ఇచ్చేశానమ్మా," అంది అంపారో చివరికి.

"అలిగి ఇవ్వకు."

"అలగలేదు."

ముసలావిడ తృప్తిగా తల ఊపింది. అప్పుడు మెల్లిగా తలుపు వైపు తిరిగింది. "అంపారో," అని పిలిచింది. ఆమె నోట ఆ పేరు నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. ఇది అది కాదు. ఇందులో సముద్రం లేదు, భయం లేదు. పక్క గదిలో ఉన్న మనిషిని అన్నానికి రమ్మన్నట్టు పిలిచింది. "రా తల్లీ. అక్క వచ్చింది, ఏమీ అనదు. లోపలికి రా."

ఆ పిలుపు కోసం జన్మంతా కాచుకున్న మనిషి మంచం పక్కనే కూర్చుని ఉంది. పలకలేదు. పలికితే తల్లి చేతిలో ఉన్న చెయ్యి ఎవరిదవుతుంది? నేను లేచి, నువ్వు తలుపు వైపు నుంచి రా, నేను ఇక్కడ కూర్చుంటాను అన్నట్టు సైగ చేశాను. అది తల అడ్డంగా ఊపింది. కన్నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడానికి కూడా చెయ్యి వదల్లేదు. ముసలావిడ తలుపు వైపే చూస్తూ ఉంది. ఎవరూ రాలేదు.

"దానికి సిగ్గు," అంది పెద్ద కూతురితో. "వస్తుందిలే."

మళ్లీ మాట్లాడలేదు. తెల్లారేసరికి పోయింది.

ఏప్రిల్లో ఆరోరా నెలలు నిండి వచ్చి తల్లి దగ్గర ఉంది. మధ్యాహ్నం ఎండకు గుమ్మంలో ముగ్గురం కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాం. ఆ రోజు గదిలో జరిగింది నేను ఎవరికీ చెప్పలేదు, అంపారో కూడా చెప్పలేదు.

"అమ్మా," అంది ఆరోరా, తల ఎత్తకుండా. "కోప్పడకు. అమ్మమ్మ లేదు కదా, ఇప్పుడైనా పెట్టుకోవచ్చా ఆ పేరు?"

అంపారో చేతిలోని కాయ వలిచేసింది. తరవాత కూతురి మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఇంకేదైనా పెట్టుకోవే," అంది. "నాకది వచ్చి నెల కూడా కాలేదు. కొన్నాళ్లు నన్ను వాడుకోనీ."